విద్యారుణం - స్వయం ఉపాధి: పట్టభద్రులకు ఉన్న వెసులుబాట్లు

పోటీ పరీక్షల ప్రత్యేకం

పట్టభద్రుడు చదువు అప్పు తీరకముందే దుకాణమో, చిన్న పరిశ్రమో పెట్టాలనుకుంటే ఏ వెసులుబాట్లు ఉన్నాయి?

విద్యారుణం
● భారతీయ బ్యాంకుల సంఘం 2015 నమూనా పథకం ప్రకారం కోర్సు కాలం, ఆపై ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కర్లేదు. ఈ గడువును మారటోరియం అంటారు.
● చదువయ్యాక అంకుర సంస్థ పెడితే, అది నిలదొక్కుకునే కాలానికీ బ్యాంకు మారటోరియం ఇవ్వవచ్చు. ఇది బ్యాంకు విచక్షణ మాత్రమే, హక్కు కాదు.
● గరిష్ఠ చెల్లింపు గడువు 15 ఏళ్లు.
● చెల్లించిన వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది.

వ్యాపార పెట్టుబడి
● ముద్ర యోజన: 2015 ఏప్రిల్ 8న ప్రారంభం. శిశు (రూ.50 వేల వరకు), కిశోర్ (రూ.5 లక్షల వరకు), తరుణ్ (రూ.10 లక్షల వరకు). తరుణ్ రుణం తీర్చినవారికి తరుణ్ ప్లస్ (రూ.20 లక్షల వరకు).
● స్టాండప్ ఇండియా: 2016 ఏప్రిల్ 5న ప్రారంభం. 2025 మార్చి వరకు ఎస్సీ, ఎస్టీ, మహిళలకు రూ.10 లక్షల నుంచి రూ.కోటి వరకు రుణం ఇచ్చేవారు.
● పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం): 2008లో మొదలైంది. జాతీయ అమలు సంస్థ ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్.

మాదిరి ప్రశ్న: మారటోరియం అంటే రుణమాఫీయా?
జవాబు: కాదు. అసలు అలాగే ఉంటుంది, ఆ కాలానికి వడ్డీ కూడా లెక్కలోకి వస్తుంది.