గాలి కాస్త తగ్గించి చూడండి

ప్రశ్న: రోజూ ఆఫీసుకు 12 కిలోమీటర్లు సైకిల్ మీదే వెళ్తాను. టైర్లు 28 మి.మీ.వి, గాలి 100 పీఎస్ఐ కొట్టిస్తాను. నడుము నొప్పి, అరచేతుల్లో తిమ్మిరి. జెల్ సీటు వేయించమంటారా?

జవాబు: సీటు జోలికి ఇప్పుడే వెళ్లకండి. మరీ మెత్తటి సీటులో ఎముకలు కూరుకుపోయి, ఒత్తిడంతా మధ్యభాగం మీద పడుతుంది. ముందు గాలి సంగతి చూడండి. రాయిలా బిగిసిన టైరు ప్రతి గతుకునూ నడుముకే అప్పజెబుతుంది. 1887లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ గాలి టైరు చేసింది కొడుకు మూడుచక్రాల బండి కుదుపులు తగ్గించడానికే! మీ బరువు 70 కిలోల దగ్గరుంటే వెనక 80, ముందు 70 చాలు. మరీ తగ్గిస్తే గుంతలో ట్యూబు రిమ్ముకు నొక్కుకుని జంట చిల్లులు పడతాయి. ఫ్రేములో, బ్రేకుల దగ్గర చోటుంటే 35 మి.మీ. టైర్లు వేయించండి, వాటికి 50-55 సరిపోతుంది. అసలు సుఖం అక్కడే ఉంది.

తిమ్మిరి కథ వేరు. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే ఒంటి బరువు చేతుల మీదకు జారుతుంది, సమంగా పెట్టండి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు దానిపై మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి, సీటు ఎత్తుకు అదే లెక్క. అయినా తగ్గకపోతే పొట్టి స్టెమ్ వేయించి హ్యాండిల్‌ను దగ్గరికి తెచ్చుకోండి.