గృహమున శబ్దనియమము

శబ్దము ఆకాశగుణమని తార్కికులు చెప్పుదురు. ఆకాశమునకు గోడలు లేవు. అందుచే ఒక యింట పుట్టిన ధ్వని పొరుగింటను కూడ ప్రవేశించును. వ్రతము చేయుచు ధ్వనివర్ధకము పెట్టిన గృహస్థునకు అది భక్తి. పొరుగున జ్వరపీడితుడైన వృద్ధునకు అదియే బాధ.

మరి పూజలో ఘంట మ్రోగింపరాదా యని సందేహము కలుగవచ్చును. ఘంట దేవతాహ్వానమునకై క్షణకాలము మ్రోగును. ధ్వనివర్ధకము గంటల తరబడి ఘోషించును. జపము వాచికము, ఉపాంశువు, మానసము అని త్రివిధము. విధియజ్ఞము కంటె జపము పది రెట్లు, ఉపాంశువు నూరు రెట్లు, మానసము వేయి రెట్లు శ్రేష్ఠమని మనుస్మృతి. ధ్వని తగ్గినకొలది ఫలము హెచ్చునని తాత్పర్యము.

లౌకికశాసనమును దీనికి అనుకూలమే. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు 45 డెసిబెళ్లను మితిగా విధించినవి.

కావున గృహస్థు రేడియో, టెలివిజనుల ధ్వని గది దాటకుండ తగ్గింపవలెను. మిక్సీ క్రింద మందపు రబ్బరు పరచినచో దాని అదురు బల్లకు అంతగా ప్రాకదు. సత్యము, ప్రియము, హితమునై, పరులకు ఉద్వేగము కలిగింపని వాక్కు వాఙ్మయతపస్సని గీత పదునేడవ అధ్యాయము బోధించుచున్నది. వాక్కునకు చెప్పిన ఆ నియమము ఇంటిలోని ప్రతి శబ్దమునకును తగును.