గూడు జారిన పిల్ల: ముందు ఆగండి, తర్వాత అందుకోండి

చెట్టు కింద పిట్ట పిల్ల కనబడగానే మీ చెయ్యి ముందుకు వెళ్తుంది. జాలి ఉన్న మనిషి చెయ్యి అలాగే వెళ్తుంది. ఆ జాలిని వదులుకోవద్దు. చెయ్యిని మాత్రం ఒక్క నిమిషం ఆపండి.

మనం కాపాడామనుకుని ఇంటికి తెచ్చే పిల్లల్లో చాలావాటికి ఆ సాయం అక్కర్లేదు. వాటి అమ్మానాన్నలు పక్క కొమ్మ మీదే ఉంటాయి.

సాయం చేయడం కూడా ఒక స్కిల్. ఎవరైనా నేర్చుకోవచ్చు, మీరూ నేర్చుకుంటారు. మొదటి పాఠం ఇదే: ‘నాకేం చేయాలనిపిస్తోంది’ అన్న ప్రశ్న పక్కన పెట్టండి. ‘దీనికేం కావాలి’ అని అడగండి.

ముందు చూడండి

ఒంటి నిండా ఈకలున్నాయా? కళ్లు చురుగ్గా ఉన్నాయా? తోక ఇంకా పొట్టిగా ఉండి, పిల్ల గెంతుతోందా? అయితే అది ఎగరడం నేర్చుకుంటోంది. గోరింకల, పిగిలిపిట్టల, కాకుల పిల్లలు గూడు వదిలాక కొన్నాళ్లు నేల మీదా పొదల్లోనూ తడబడతాయి. పెద్ద పక్షులు అక్కడికే వచ్చి మేత పెడతాయి. కాబట్టి మీరు దూరం జరగండి. పిల్లులు తిరిగే చోటైతే, రోడ్డు మధ్యలో ఉంటే, తీసి దగ్గరి పొదలో పెట్టండి. అంతే. ఇంటికి తేవద్దు.

ఈకలు రాలేదా? కళ్లు తెరవలేదా? నిలబడలేకపోతోందా? ఇది గూట్లో ఉండాల్సిన పిల్ల. ఇప్పుడు మీరు కదలాలి.

ముట్టుకుంటే ఏమవుతుంది?

“మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదు, మిగతా పిట్టలు పొడిచి చంపుతాయి.” చిన్నప్పుడు అందరం విన్న మాటే. ఈ భయాన్ని ఇవాళే వదిలేయండి. మన చేతి వాసన తగిలిందని తల్లి తన పిల్లను వదిలేయదు. ఈ ఒక్క నమ్మకం వల్ల, గూడు ఎదురుగా కనబడుతున్నా పిల్లను అందులో పెట్టకుండా వెళ్లిపోయేవాళ్లున్నారు. పాత నమ్మకాన్ని ఒకసారి చెక్ చేసుకోవడం మంచి హ్యాబిట్. దీనితోనే మొదలుపెట్టండి.

ఇలాంటిదే ఇంకొకటి. కాకి తల మీద తన్నితే శని అని హడలిపోతాం. ఎండాకాలంలో ఓ కాకి పదేపదే మీ తల మీదికి దూసుకొస్తోందంటే, దాని గూడో పిల్లో దగ్గర్లో ఉందని అనుమానించండి. పాపం, అది కాపలా కాస్తోంది. తల మీద టవల్ వేసుకుని పక్క దారిన వెళ్లండి. ఆ కాకి దగ్గర కోయిల పిల్ల కనబడినా వెంటనే లాక్కురాకండి. కోయిల ఎక్కువగా కాకి గూట్లోనే గుడ్డు పెడుతుంది. ఆ పిల్లకు మేత పెట్టి సాకుతున్నది ఆ కాకే కావచ్చు.

ఈకలు రాని పిల్లకు యాక్షన్ ప్లాన్

1. చీమలు పట్టి ఉంటే మెత్తగా దులపండి. దోసిట్లోకి తీసుకుని వెచ్చబరచండి. ఈ వయసులో అది తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. ఒళ్లు చల్లబడితే తిన్నది కూడా అరగదు. అందుకే ముందు వెచ్చదనం, ఆకలి సంగతి తర్వాత.

2. గూడు వెతకండి. కొమ్మలే కాదు, వెంటిలేటర్లు, ఏసీ పైపు కన్నాలు, మీటర్ పెట్టె పైభాగం కూడా చూడండి. చేతికి అందితే అందులో పెట్టేయండి.

3. గాలివానకు గూడు చెదిరిపోయిందా? కొత్తది మీరే చేయండి. చిన్న వెదురు బుట్ట చాలు. ప్లాస్టిక్ డబ్బా అయితే నీళ్లు నిలవకుండా అడుగున చిల్లులు పెట్టండి. ఎండుగడ్డి పరచి, పాత గూటికి దగ్గరగా, నీడలో గట్టిగా కట్టండి.

4. దూరంగా వెళ్లి గంట, రెండు గంటలు గమనించండి. దగ్గర నిలబడి వీడియో తీస్తుంటే తల్లి రాదు. అన్నింటిలోకీ కష్టమైన స్టెప్ ఇదే. చేతులు ఊరుకోవు. ఊరుకోబెట్టండి. ఆ ఓపిక మీకు ఆఫీసులోనూ ఇంట్లోనూ పనికొస్తుంది.

ఈ పొరపాట్లు వద్దు

నోట్లో నీళ్లు పోయకండి. పక్షి నాలుక వెనకాలే శ్వాసనాళం ద్వారం ఉంటుంది. నీళ్లు అటు వెళ్తే ప్రాణమే పోవచ్చు. పాలు అసలే వద్దు, పక్షులకు అరగవు. పాలలో నానిన బ్రెడ్డూ అంతే. అన్నం మెతుకులూ పెట్టకండి. గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లకు పురుగులు ఏరి తెస్తుంది. మీరు ప్రేమగా పెట్టేది దానికి తిండి కాకపోవచ్చు.

రక్తం కనబడినా, రెక్క వేలాడుతున్నా, తల్లి రాకపోయినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లి నోట పడి బయటపడిన పిల్ల అయితే గాయం కనబడకపోయినా వెళ్లాల్సిందే. పిల్లి నోటి బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే చంపేయవచ్చు, యాంటీబయాటిక్ కావాలి. గాలి ఆడే చిల్లులున్న అట్టపెట్టెలో కాటన్ గుడ్డ పరచి, మూత పెట్టి, చప్పుడు లేకుండా తీసుకెళ్లండి. దారిలో మూత తీసి చూడొద్దు. హైదరాబాద్‌లో బ్లూక్రాస్, విశాఖలో వీఎస్పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థలున్నాయి. మిగతా ఊళ్లలో పశువైద్యశాల, అటవీ శాఖ ఆఫీసు.

పెంచుకోవాలనిపిస్తుంది, రామచిలుక పిల్లయితే మరీను. ఇక్కడ గట్టిగా ఉండండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పంజరంలో పెంచడం నేరం. చట్టం అలా ఉంచండి. మన చేతుల్లో పెరిగిన పిల్లకు మేత వెతుక్కోవడం, పిల్లిని చూసి పారిపోవడం ఎవరు నేర్పుతారు?

పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి

ఈ పనంతా మీ పిల్లలతో కలిసి చేయండి. పిల్లల ప్రశ్నకు ఓ పెద్దాయన ఓపిగ్గా జవాబిస్తే ఏమవుతుందో చూడండి. బొంబాయిలో సలీం అలీ చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఓ పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇదేం పిట్ట అని తెలుసుకోవడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ విసుక్కోలేదు. పిట్ట పేరు చెప్పి, సొసైటీ భద్రపరిచిన పక్షుల్ని చూపించారు. ఆ అబ్బాయే తర్వాత దేశం గర్వించే పక్షి శాస్త్రవేత్త అయ్యాడు. 1985లో వచ్చిన తన ఆత్మకథకు ‘ద ఫాల్ ఆఫ్ ఎ స్పారో’ అని పేరు పెట్టుకున్నాడు.

మీ అమ్మాయి ‘ఇదేం పిట్ట నాన్నా?’ అంటే ‘ఏదో పిట్టలే’ అనకండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి. ఏ చెట్టు, ఎన్ని గంటలకు తల్లి వచ్చింది, ఏం తెచ్చింది, అన్నీ ఓ నోట్‌బుక్‌లో రాయించండి.

ఇవాళే ఇంకో పని. మీ దగ్గర్లోని పశువైద్యుడికి ఫోన్ చేసి పక్షుల్ని చూస్తారా అని అడగండి. చూడనంటే, ఎవరు చూస్తారో ఆయన్నే అడిగి ఆ నంబర్ సేవ్ చేసుకోండి.