తెరపై తెలుగు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: నేను వెబ్ డిజైనర్‌ని. కోల్డ్ స్టోరేజీలకీ, విత్తనాల కంపెనీలకీ, మిర్చి ఎగుమతిదారులకీ సైట్లు చేస్తుంటాను. రోజూ పొద్దున్నే లేచి విదేశీ డిజైనర్ల పనులు ఓ గంట చూస్తాను. అయినా ఈమధ్య ఏది చేసినా ఒకేలా వస్తోంది. బెంగళూరు వెళ్లిన నా స్నేహితులు "గుంటూరులో కూర్చుంటే ఐడియాలు ఎక్కణ్ణించి వస్తాయిరా" అంటున్నారు. నిజమేనంటారా?
- బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నాయనా, ఇటువంటి యుత్తరములు తఱచుగనే వచ్చుచుండును, సాధారణముగా వానిని ప్రక్కకు నెట్టుదును. కాని నీ స్నేహితుల మాట నన్ను ఊరకుండనీయలేదు.

గుంటూరులో కూర్చున్నచో నూహలు పుట్టవను వారు గుంటూరులో నెచ్చట కూర్చుండిరో నేనెఱుగను. నీవు కూర్చున్న చోటు మాత్రము నీ యుత్తరమే చెప్పుచున్నది. తలుపు మూసికొని, పరదేశీయులు పరదేశీయుల కొఱకు చేసిన పుటలను గంటసేపు చూచి, వాని పోలికలు కన్నులలో నింకను నిలిచియుండగనే లేచి, మిర్చి వర్తకుని పుటకు పూనుకొనుచున్నావు. నిలువెత్తు ఛాయాచిత్రములు, సన్నని బూడిదరంగు అక్షరములు, ఎచ్చటనో దాగి తాకినగాని తెఱచుకొనని పట్టికలు, ఇవన్నియు చల్లని గదిలో పెద్ద తెర యెదుట తీరికగా కూర్చున్నవానికి ముచ్చటగనే యుండును. నీ పుటను చదువువాడు అతడేనా?

ఫిబ్రవరి, మార్చి నెలలలో నొక యుదయమున మిర్చి యార్డునకు పోయి చూడుము. ఆసియాలో కెల్ల పెద్దదని పేరుపొందిన ఆ యార్డు నీ యింటికి ఆటో దూరములో నున్నది. టిక్కీల, అనగా మిర్చి బస్తాల, వరుస కానుకొని నిలిచిన రైతు, వ్రేళ్లకంటిన కారమును తుండుగుడ్డకు తుడుచుకొని, ఎండ పడకుండ ఫోనును అరచేతితో మఱుగుపఱచుకొని, నేడు తేజ రకము ఎంత పలికినది, 341 రకము ఎంత పలికినది, తాలుకాయ నెవడైన నడిగినాడా లేదా యని వెదకుకొనుచుండును. అతని బొటనవ్రేలు తెరపై నెచ్చటికి పోవుచున్నదో, ఎచ్చట నాగుచున్నదో, ఎప్పుడతడు విసిగి ఫోనును జేబులో పడవేసి ప్రక్కనున్న కమీషను ఏజెంటు గుమాస్తానే అడుగుచున్నాడో, అరగంటసేపు మాటలాడక చూడుము. బూడిదరంగు అక్షరము ఎండలో నెట్లు మాయమగునో, ధర కనబడుటకు ముందు యజమానిగారి నిలువెత్తు చిత్రము దిగువఱకు నెంతసేపు పట్టునో, బొత్తాము చిన్నదైనచో కారపు వ్రేలు ప్రక్క బొత్తామును నొక్కి ఎట్లు చిక్కున పడునో నీకు కన్నులార కనబడును. ఆ సాయంకాలము నీవు గీయు పుట, ముందు నాడు గీసినదానివలె నుండుట యసంభవము. ధర మొదట, పెద్ద అంకెలలో. రకము పేరు దాని ప్రక్కన. ఛాయాచిత్రము చివర, లేదా అసలే లేదు. ఇంత చిన్న నిర్ణయము ఏ పరదేశీయుని పుటలోను నీకు దొరకదు, ఏలయన వారిలో నెవ్వడును ఆ టిక్కీల ప్రక్కన నిలువలేదు.

యార్డు రుచింపనిచో మంగళగిరికి పొమ్ము. అచ్చటి నేతచీర యొడలంతయు బుటా లేక పువ్వు లేక సాదాగా నుండును. అలంకారమంతయు అంచునకే పరిమితము. నిజాం అంచని పిలువబడు ఆ అంచు అంతగా మెఱయుటకు కారణము దాని ప్రక్కనున్న విశాలమైన నిరాడంబరత. ఖాళీగా విడిచిన చోటెల్ల నేదో యొకటి కదలవలెనని నీ వంటి యువకులు పడు తహతహను చూచినప్పుడెల్ల నాకా గుంటమగ్గము ముందు కూర్చున్న నేతగాడు జ్ఞప్తికి వచ్చును. అతడు నేయగలిగియు నేయక విడిచినదే అతని పనితనము.

స్నేహితులతో తగవు పెట్టుకొనకుము. బెంగళూరులో వారికి జీతములు హెచ్చు. ఆ మాట మాత్రము నిజము.

ప్రశ్న: కృత్రిమ మేధ వచ్చాక సృజనాత్మక రంగాలలో మానవ ప్రమేయం యొక్క భవిష్యత్తు గురించి మీ అమూల్యమైన అభిప్రాయాన్ని తెలియజేయగలరు. నా ఉద్యోగం పోతుందా?
- నరసరావుపేట

జవాబు: ఈ యుత్తరమును యంత్రముచేతనే వ్రాయించినట్లున్నావు. ముందు నీ ప్రశ్నను నీవే వ్రాసి పంపుము; ఉద్యోగము సంగతి తరువాత చూతము.

ప్రశ్న: మా ఊళ్లో కస్టమర్లు పాంప్లెట్ల కోసం అను ఫాంట్లలో కొట్టించిన మ్యాటర్ ఇచ్చి సైటులో పెట్టమంటారు. అది సైటులో పెడితే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. అందుకని బొమ్మగా మార్చి పెట్టేస్తున్నాను. చూడ్డానికి బాగానే ఉంటుంది, ఎవరూ ఏమీ అనలేదు. మా సీనియర్ మాత్రం తప్పంటున్నాడు. చిన్న విషయానికి ఇంత గొడవ అవసరమా?
- చిలకలూరిపేట

జవాబు: అవసరమే, అమ్మాయీ. మీ సీనియరు తక్కువగనే కోపపడినాడు.

డీటీపీ కేంద్రములలో వాడు పాత ఖతులలో తెలుగక్షరముల ముక్కలు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చుండియుండును. కంటికి తెలుగు కనబడినను, కంప్యూటరు లోపల నున్నది ఇంగ్లీషు అక్షరముల కలగాపులగమే. ఖతి యున్న యంత్రముపై వేషము నిలుచును, లేనిచోట ఊడిపోవును. నీవు చూచిన పిచ్చి యక్షరములు ఆ వేషము క్రింది రూపము. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందే తెలుగునకు ప్రత్యేకముగా 128 స్థానములు కేటాయింపబడినవి. వందలకొలది రూపములు గల మన లిపికి ఆ కొద్ది స్థానములెట్లు చాలునని కొందఱు శంకింతురు. అచ్చట నిలువ యుండునది రూపములు కావు, మూలాక్షరములు. క కారమునకు పొల్లు చేర్చి ష కారమును పెట్టినచో దానిని క్షగా దిద్ది చూపు భారము ఖతిది. ఆ పని నేడు చవుక ఫోనులు సైతము తడబడక చేయుచున్నవి.

నీవు బొమ్మగా పెట్టిన తెలుగును ఎవ్వరును వెదకి పట్టుకొనలేరు. దానినుండి ఫోను నంబరును సులువుగా నకలు తీసికొనలేరు. చూపులేనివారికి పుటను చదివి వినిపించు సాధనము ఆ బొమ్మ యెదుట మూగబోవును. చత్వారము వచ్చిన రైతు అక్షరమును పెద్దది చేసికొనబోయినచో మసక తప్ప మఱేమియు కానరాదు. ఎవ్వరును ఏమియు ననలేదంటివి. చదువలేనివాడు ఉత్తరము వ్రాసి ఫిర్యాదు చేయడు తల్లీ, పుట మూసి వెడలిపోవును.

పాత మ్యాటరును యూనికోడునకు మార్చు సాధనములు కలవు. మార్చిన పిదప నొకసారి కంటితో చదివి వత్తులను సరిచూచుకొనుము. ఖతి లేదని సాకు చెప్పకుము. అమెరికాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన ఖతులను చేసి తెలుగువారికి ఉచితముగా నిచ్చిరి. సిలికానాంధ్ర సంస్థ గుత్తుల పురుషోత్ కుమార్ గారు మొదలగువారు రూపొందించిన పెద్దన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, గిడుగు, గురజాడ, మండలి మొదలగు ఖతుల నెల్లరును వాడుకొనునట్లు విడుదల చేసినది. వీనిని నీవు రూపాయి కట్టకుండ ఏ పుటలోనైనను వాడవచ్చును.

వాడునప్పుడు ఇంగ్లీషు కొలతలను తెలుగునకు తగిలింపకుము. మన అక్షరమునకు పైన గుడులు, ఏత్వములు, క్రింద వత్తులు నుండుటచే పంక్తికిని పంక్తికిని నడుమ ఇంగ్లీషునకంటె ఎక్కువ చోటు విడువవలెను; అక్షరపు టెత్తునకు ఒకటింబావు రెట్లు విడిచి ఊరకున్నచో పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడిని గ్రుద్దును, కావున ఒకటిన్నర దాటి, ఒకటిముప్పాతిక వఱకు పోయినను దోషము లేదు. అక్షరముల నడుమ ఎడము పెంచి సాగదీయకుము. లావు రూపము లేని ఖతిని యంత్రముచేత బలవంతముగా లావు చేయింపకుము. లోపలి సున్నలు పూడిపోవును. మనకు పెద్ద బడి, చిన్న బడి అక్షరములు లేవు గనుక, శీర్షికను వేఱుపఱచుటకు పరిమాణమును, రంగును, చుట్టునున్న ఖాళీని మాత్రమే నమ్ముకొనవలెను. ఇవి నేర్చిన డిజైనరునకు ఈ జిల్లాలలో పనికి కొదువ లేదు, ఏలయన నేర్చినవారు బహు కొద్దిమంది.

మీ చిలకలూరిపేటకు తూర్పున, రేపల్లె సమీపమున భట్టిప్రోలు కలదు. 1892లో అలెగ్జాండరు రే యను పురావస్తు శాస్త్రజ్ఞుడు అచ్చటి స్తూపమును త్రవ్వి వెలికితీసిన ధాతుపేటికలపై నున్న వ్రాతను, తెలుగు కన్నడ లిపుల పూర్వరూపములలో నొకటిగా పండితులు గణింతురు. ఇరువది రెండు శతాబ్దులకు పైగా మాసిపోక నిలిచిన వ్రాత పుట్టిన నేలపై కూర్చుండి, తెలుగును బొమ్మగా మార్చి దాచిపెట్టుట చిన్న విషయమని మఱల వ్రాయకుము.

ప్రశ్న: మిర్చి ఎగుమతి చేసే పార్టీ పేజీ అంతా ఎర్రగా ఉండాలి, అక్షరాలు కూడా ఎర్రగానే ఉండాలి అంటున్నాడు. ఎలా ఒప్పించాలి?
- మార్టూరు

జవాబు: ఒప్పింపవలదు, లెక్క చూపుము. తెల్లని నేలపై అక్షరము చదువదగియుండుటకు అంతర్జాతీయ ప్రమాణము కోరు కాంతి వ్యత్యాసము 4.5కు 1, శుద్ధమైన ఎఱుపునకు వచ్చునది ఇంచుమించు 4కు 1 మాత్రమే. బ్యాడిగి మిర్చికాయ ఎండినప్పటి ముదురు రంగునకు దించినచో ప్రమాణమును దాటును. రంగు చూచి క్వింటాలు వెలగట్టు వర్తకునికి ఆ తేడా నీకంటె బాగుగ తెలియును.

ప్రశ్న: మా ఊరి హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం, మా మేనమామగారి పురుగుమందుల షాపు, గుడి కమిటీ - అందరూ "నీకెంతసేపు బాబూ, ఊరికే చేసిపెట్టు" అంటారు. చేస్తే డబ్బుండదు, చేయకపోతే మాట పడాలి. మా నాన్నగారు "ఊరికే ఇచ్చినదానికి విలువుండదు" అంటారు. ఏం చేయమంటారు?
- పర్చూరు

జవాబు: మేనమామగారి యొద్ద సొమ్ము పుచ్చుకొనుము. పురుగుమందు ఆయన నీకు ఊరక ఇచ్చుట లేదు గదా. బంధుత్వమును చూపి ధరలో కొంత తగ్గింపవచ్చును, పనిని మాత్రము కాగితముపై వ్రాసికొనుము: ఎన్ని పుటలు, ఎన్ని మార్పులు, ఎప్పటికి. అత్తయ్యగారు నొచ్చుకొన్నను సంక్రాంతినాటికి మఱచిపోవుదురు.

తక్కిన రెండింటి సంగతి వేఱు. మీ నాన్నగారి మాటను కాదనుటకు నాకు సాహసము చాలదు గాని, ఆయన జీవించుచున్న నేల మాత్రము ఆయన మాటను ఒప్పుకొనదు. అమరావతి మహాచైత్యమునకు పలకలు చెక్కించి యిచ్చినవారి పేర్లు ఆ పలకలపైననే కలవు. వారందఱును రాజులు కారు. భిక్షుణులు కలరు, వర్తకులు కలరు, సామాన్య గృహస్థులు కలరు. వారిలో నాగోపాధ్యాయుని కుమారుడగు విధికుడను చర్మకారుడొకడు. తల్లిని, భార్యను, అన్నదమ్ములను, కొడుకును, కూతుళ్లను కలుపుకొని, పూర్ణఘటము చెక్కిన పలకను సమర్పించితినని బ్రాహ్మీలిపిలో చెప్పుకొన్నాడు. తోలుపని చేసి కూడబెట్టిన సొమ్ముతో నతడిచ్చిన దానము, ఆ నాటి కెందఱో శ్రీమంతుల పేర్లు తుడిచిపెట్టుకొనిపోయినను, తాను మిగిలినది. నేటి ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో నున్న పూర్ణఘటము సైతము ఆ అమరావతి శిల్పసంప్రదాయము నుండి వచ్చినదే. ఊరక యిచ్చినదానికి విలువ లేదనుట ఎట్లు?

ఇక నీ వృత్తి మాట. 1989లో టిమ్ బర్నర్స్ లీ సెర్న్ పరిశోధనాలయములో నీ వెబ్‌ను తలపెట్టెను. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ, దాని నెవ్వరైనను రుసుము చెల్లింపక వాడుకొనవచ్చునని ప్రకటించెను. ఆ నాడు పుటకింత యని వసూలు చేయ నిశ్చయించియున్నచో పర్చూరులో నీ వృత్తియే లేదు. నీవు వాడు ఖతులు, నీవు తెఱచి చూచి నేర్చుకొన్న ఇతరుల సంకేతరచన, తప్పు వచ్చినప్పుడు ముక్కు మొగము తెలియనివారు వ్రాసిపెట్టిన పరిష్కారములు, అన్నియు ఎవరో ఊరక యిచ్చినవే. పుచ్చుకొనునప్పుడు వాని విలువ తక్కువని నీకు తోచలేదు.

అయినను గుడ్డిగా నీయకుము. దానము చేసినది మఱుచటి యేట మూతపడినచో అది దానము కాదు, పరాభవము. హైస్కూలు పుట చేయుదువు గాక. డొమైను పేరు బడి పేరిట నుండవలెను గాని నీ పేరిట కాదు, ఏటేట కట్టవలసిన రుసుమును సంఘమువారు ఎవరు కట్టుదురో ముందే వ్రాయించుకొనుము, తాళపు మాటలు ప్రధానోపాధ్యాయులవారికిని, ఇంకొక్కరికిని అప్పగింపుము. ఛాయాచిత్రములు తక్కువగా, అక్షరములు ఎక్కువగా పెట్టినచో పదవ తరగతి పిల్లవాడే మార్పులు చేసికొనగలడు. చేసికొనుట నేర్పుము, ఆ నేర్పుట పుటకంటె పెద్ద దానము. గుడి కమిటీకి ఉత్సవముల తేదీలు, పూజావేళలు, చందాల లెక్క చాలును; లెక్క పెట్టుటకు వారంగీకరింపనిచో ఆ పని నీ నెత్తి మీదినుండి తనంతట తానే తొలగిపోవును.

ఏడాదికింతయని నీ పనిదినములలో కొన్నింటిని దీనికై వేఱుచేసి, ఆ మాట అందఱికిని ముందుగనే చెప్పుము. అవి నిండినవెనుక వచ్చినవారిని మఱుచటి యేటికి రమ్మనుము.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగు చదివి ఇంట్లో కూర్చుని రోజంతా కంప్యూటర్లో రంగులు మారుస్తూ ఉంటాడు. సంబంధాలవాళ్లు "ఏం చేస్తుంటాడు" అంటే ఏం చెప్పాలి?
- ఒంగోలు

జవాబు: అయ్యా, నెలకెంత తెచ్చుచున్నాడో ముందడుగుడు. తెచ్చుచున్నచో డిజైనరని చెప్పుడు. లేనిచో మీ యుత్తరము అతనిచేతనే వ్రాయించి పంపుడు.

ప్రశ్న: పాత తెలుగు పత్రికల్లో పేజీలు ఎలా దిద్దేవారో చూడాలని ఉంది. హైదరాబాదు దాకా వెళ్లక తప్పదా?
- తెనాలి

జవాబు: తప్పును. చీరాల ప్రక్కన వేటపాలెములో సారస్వత నికేతనము కలదు. 1918లో పుట్టిన గ్రంథాలయము. 1929లో గాంధీ మహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. పాత పత్రికల సంపుటములకు పేరుపొందినది. సీసపు టక్షరములతో శీర్షికను, చిత్రమును, ప్రకటనను ఒక్క పుటలో నెట్లిమిడ్చిరో స్కేలు పెట్టి కొలుచుకొనుము. కాగితము పెళుసుగా నుండును; పుట త్రిప్పునప్పుడు వ్రేలు తడి చేసికొనకుము, ఫోనుతో చిత్రము తీయుటకు ముందు అనుమతి యడుగుము.