పాత కారు కొనుటకు ముందు చేయవలసిన పరీక్ష



మదనపల్లెలో టమాటాలకు మంచి ధర పలికిన యేడు పాత కారు కొనవలెనను కోరిక పుట్టుట సహజము. ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచి యూరకొనము. మెడను, గిట్టలను, నడకను గూడ చూతుము. కారు మీటరులోని కిలోమీటర్లు పండ్ల లెక్క మాత్రమే. దానిని వెనుకకు త్రిప్పువారును గలరు. మీటరు తక్కువ చూపుచు, పెడళ్ల రబ్బరు నున్నగా అరిగియున్నచో నమ్మరాదు.

వేళకు నూనె మార్చుచు చదునైన రహదారిపై లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి, తిరుమల ఘాటురోడ్డున నిత్యము అద్దెకు నడచిన ఏబదివేల బండికంటె మేలు కావచ్చును. ఎక్కునప్పుడు క్లచ్చు, దిగునప్పుడు బ్రేకులు ఎక్కువగా అరుగును. కావున ఎంత తిరిగినదని మాత్రమే గాక, ఎక్కడ తిరిగినదని యడుగుడు. మరమ్మతు రసీదులు చూపుమనుడు.

ఇంజను చల్లగా నున్న ఉదయముననే చూడవలెను. నీలిపొగ వచ్చినచో నూనె కాలుచున్నదని యర్థము. ఇంజను బాగుగా కాగిన పిదపను తెల్లపొగ ఆగకున్నచో, రేడియేటరు నీరు లోనికి దిగుచుండవచ్చును. నేనొకసారి, పగలంతయు నడచివచ్చిన బండిని సాయంకాలమున చూచి కొని, మూడవ నెలలోనే ఇంజను విప్పించితిని. ఆ వ్యయముతో నొక పాడియావు వచ్చియుండెడిది!

1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. పిదప తనిఖీ చేయించి 5 సంవత్సరములకు పొడిగించుకొనవలెను. ఛాసిస్ సంఖ్యను పత్రముతో సరిచూడుడు. అందు బ్యాంకు అప్పు నమోదై యున్నచో, అది కొట్టివేయబడు వరకు పూర్తి సొమ్ము ఇయ్యకుడు. టైర్లకు, బ్యాటరీకి, బ్రేకులకు కొంత రొక్కము మిగులనిచో ఆ బేరమును మరుసటి పంటకు వాయిదా వేయుడు.