పదునొకండుగురు

కలకత్తా మహానగరమున హుగ్లీ నదికి తూర్పున విశాలమైన పచ్చికబయలు ఒకటి కలదు. దానిని మైదాన మందురు. ఒకవైపున ఫోర్టు విలియం కోటయు, మరియొకవైపున చౌరంగీ మేడలును, నడుమ వృక్షములును ఆటస్థలములును ఉండును. 2001వ సంవత్సరమున నగరము పేరు కోల్‌కతా అని మారినను మైదానము పేరు మారలేదు. ప్రసిద్ధములైన ఫుట్‌బాలు క్లబ్బుల నెలవులు అచ్చటి చెట్లనీడలనే యున్నవి. వానిని నేటికిని టెంట్లు అనియే పిలుతురు. వెనుకటి గుడ్డడేరాలు కట్టడములైనను పాతపేరు పోలేదు.

కలకత్తా ఫుట్‌బాలు లీగు 1898వ సంవత్సరమున ఆరంభమైనది. ఇది వానకాలపు ఆట. ఆకాశమున మబ్బు, నేలమీద బురద, గట్టున గొడుగులు లేక ఈ ఆటను ఊహించుట కష్టము. ఈ లీగులో 1889లో పుట్టిన మోహన్‌బగాన్ క్లబ్బును, 1920లో పుట్టిన ఈస్టుబెంగాల్ క్లబ్బును తలపడు దినము నగరమున కొక పర్వదినము. 1950, 1960 దశకములలో ఆ దినమునకు ముందునాటి సాయంకాలము మైదానమున జరుగుచుండిన ముచ్చట వినదగినది.

గుమాస్తాలు కచేరీలనుండి తిన్నగా ఇంటికి పోక, గొడుగులు చంకబెట్టుకొని టెంటుకడకు వత్తురు. కళాశాల విద్యార్థులు వత్తురు. ట్రాముబండి కండక్టరు పని దిగి వచ్చును. వేరుసెనగకాయల పొట్లములు చేతులు మారుచుండును. జట్టును ఎంచు పెద్దలు లోపల కూర్చుందురు. వెలుపల గడ్డిమీద కూర్చున్నవారిని ఎవరును సలహా యడుగలేదు. ఐనను ప్రతివాని మనస్సునందును ఒక పట్టిక సిద్ధముగా నుండును. కొందరి జేబులలో కాగితముమీదనే యుండును. వారి మాటలు ఇట్లు సాగును.

"మన బ్యాకు మోకాలు ఇంకను వాచియే యున్నదట. రేపు అతనిని దింపుట తగదు. ఆ కొత్తకుర్రవాడు చురుకైనవాడు, అతనిని ఆడింపవలెను" అని ఒక విద్యార్థి యనును.

"కొత్తకుర్రవాడా! అంతమంది కన్నులు తనమీద నున్నప్పుడు వానికి బంతి కనబడునా బాబూ? నీవు పలక పట్టిననాటినుండి ఆ పెద్దాటగాడు మన గోలునకు కోటగోడవలె నిలిచినాడు. కుంటుచు ఆడినను అతడే మేలు" అని ముసలి గుమాస్తా బదులు చెప్పును.

"కుంటువానిని చూచి ఎదుటివారు ఊరకుందురా దాదా? బంతినంతయు ఆవైపునకే తోలుదురు."

"మీరిరువురును మోకాలినే చూచుచున్నారు గాని ఆకాశమును చూచుటలేదు. ఈ మబ్బు రాత్రికి కురిసినచో, రేపు బురదలో నిలువగలవాడెవడు, జారిపడువాడెవడు? అది ఆలోచింపుడు" అని కండక్టరు అడ్డుపడును.

ఇంతలో చేపలబేరగాడు గంప దించుకొని, "ఎవరిని దింపినను సరే, మనవారు గెలిచిన చాలును బాబులారా. గెలిచిరా, రేపురాత్రికి నా గంపలో ఒక్క ఇలిశ మిగులదు" అనును. ఈస్టుబెంగాల్ గెలిచిననాడు ఇలిశచేపకును, మోహన్‌బగాన్ గెలిచిననాడు రొయ్యకును గిరాకి హెచ్చుట ఆ నగరపు వాడుక. ఆ ఇలిశయే గోదావరికి ఎదురీది వచ్చినపుడు మనవారు పులస యని మురియునది.

పనిలేనివారి కాలక్షేపమని దీనిని కొట్టివేయుట సులభము. కాని ఆ వాదమున కొంత లెక్క యున్నది. ఆ కాలమున ఒకమారు బరిలోనికి దిగిన పదునొకండుగురే ఆట ముగియువరకు ఆడవలెను. ఒకనికి కాలు బెణికినచో వేరొకడు వచ్చుటకు వీలులేదు. మిగిలిన పదిమందియే పోరాడవలెను. లేదా గాయపడినవాడు ఒక అంచున కుంటుచు నిలువవలెను. ప్రపంచకప్పు పోటీలలో ఆటనడుమ ఆటగానిని మార్చు అవకాశము 1970లో మెక్సికో దేశమునందే మొదటిసారి కలిగినది. కావున ముందునాడు చేసిన పొరపాటును మరునాడు దిద్దుకొనుటకు దారిలేకుండెను. వాచిన మోకాలు ఒక మనుష్యుని బాధ మాత్రమే కాదు, జట్టులో ఒకవంతు.

లీగుపద్ధతి మరియొక చిక్కు. కప్పుపోటీలో ఓడినవాడు ఇంటికి పోవును. లీగులో అట్లు కాదు. ప్రతిజట్టును తక్కిన జట్లన్నిటితో ఆడును. గెలిచిన రెండు పాయింట్లు, సమానమైన ఒక్కటి, ఓడిన సున్న అనునది నాటి లెక్క. ఋతువు చివర ఎవరి మొత్తము అధికమో వారు విజేతలు. కావున నేడు ఒక మేటి ఆటగానిని గాయముతో ఆడించి గెలిచినను, అతడు నెలదినములు మంచమెక్కినచో రాబోవు ఆటలలో ఎన్ని పాయింట్లు పోవునో చూచుకొనవలెను. గడ్డిమీది విద్యార్థి ఈ లెక్కను చెప్పును. గుమాస్తా వినడు. ఈ ఒక్క ఆటలో ఓడిన తరువాత మిగిలిన పాయింట్లు ఎందుకని యడుగును! లెక్క తెలియక కాదు. ఆయన గణితములో ఈ ఆటకు రెండు పాయింట్లకంటె విలువ అధికము.

ఇక బురద. మన దేశపు ఆటగాండ్రలో అనేకులు ఒకప్పుడు వట్టికాళ్లతోనే ఆడెడివారు. 1911 జూలై 29వ తేదీన మోహన్‌బగాన్ జట్టు ఈస్టు యార్కుషైరు అను ఆంగ్లసైనికజట్టును 2-1 గోళ్లతో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డును గెలిచినపుడు, జట్టులో దాదాపు అందరివి వట్టికాళ్లే. పొడినేలమీద వట్టికాలు బంతిని చేతివలె పట్టుకొనును. తడినేలమీద అదే కాలు జారును. బూటుకాలి క్రింద నలుగును. 1948లో లండను ఒలింపిక్సునందు మనవారు పెక్కురు వట్టికాళ్లతోనే ఆడి ఫ్రాన్సుచేతిలో 1-2 గోళ్లతో మాత్రమే ఓడి మెప్పు పొందిరి. 1952లో హెల్సింకీనగరమున యుగోస్లావియా చేతిలో 1-10 గోళ్లతో ఓడినపిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను. అంతవరకు ఏ కాలికి ఏ వాతావరణమో చూచి జట్టు కూర్చవలసివచ్చెడిది. కండక్టరు ఆకాశమును చూచుట వట్టిమాట కాదు.

ముసలి గుమాస్తాకు కోపము వచ్చినచో ఒక పాతకథ తీయును. అది కల్పన కాదు, చరిత్ర. 1920 జూలై 28వ తేదీన కూచ్‌బిహారు కప్పు పోటీలో జోరాబగాన్ అను క్లబ్బు మోహన్‌బగానుతో ఆడవలసియుండెను. జోరాబగాన్ జట్టులో శైలేశ్ బోసు అను ఆటగాడు గోలును కాచువారిలో ఒకడు. ఆనాటి పదునొకండుగురిలో అతని పేరు లేకపోయెను. కారణమును ఎవరును తెలుపలేదు. క్లబ్బు ఉపాధ్యక్షుడైన సురేశచంద్ర చౌధురి అతనిని చేర్చుకొనుడని ఎంతయో నచ్చజెప్పెను. అధికారులు వినలేదు. సురేశచంద్రుడు ఆ క్లబ్బును విడిచిపెట్టెను. నాలుగు దినములలో, ఆగస్టు 1వ తేదీన, ఆయనయు ఆయన మిత్రులును కలిసి ఒక కొత్తక్లబ్బును స్థాపించిరి. పద్మానది కావలినుండి వచ్చినవారి ఆత్మగౌరవమునకు గురుతుగా దానికి ఈస్టుబెంగాల్ అని పేరు పెట్టిరి.

ఆటగాని నొకనిని ప్రక్కన కూర్చుండబెట్టుట నేరము కాదు. పండ్రెండవవాడు ఎప్పుడును ఉండును. కాని ఏల కూర్చుండబెట్టితిరో చెప్పకపోవుటచేత ఒక్కపేరు తప్పిన పట్టిక ఒక క్లబ్బునకు జన్మపత్రికయైనది. ఆ క్లబ్బు 1925 మే 28వ తేదీన లీగులో మొదటిసారి మోహన్‌బగాను నెదిరించి 1-0 గోలుతో గెలిచెను.

ప్రాంతాభిమానముతో పుట్టిన ఆ క్లబ్బే తరువాత దక్షిణదేశమునుండి ఆటగాండ్రను పిలిపించుకొనుట గమనింపదగినది. 1949వ సంవత్సరమునకు దాని ముందువరుస ఐదుగురును, వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహమ్మద్‌ఖాన్, సాలే, దక్షిణాదివారే. మన పిల్లలకు చోటేదని వాదించినవారు ఆ ఐదుగురి ఆటను చూచి పంచపాండవులని పేరు పెట్టిరి. ఆ యేడు ఈస్టుబెంగాల్ లీగును, షీల్డును, బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను.

మైదానములో ఇట్లు వాదించు వేలమంది ఎంచిన జట్లకు ఎవరును బాధ్యులు కారు. మరునాడు ఓడిన, "నేను ముందే చెప్పితిని" అని గొడుగు విప్పుకొని పోవచ్చును. నిజముగ పేర్లు వ్రాయువానికి ఆ సదుపాయము లేదు. అట్టివారిలో ఒకడు హైదరాబాదువాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించెను, మొదట పాఠశాలలలో ఉపాధ్యాయుడు. ఎడమకాలు చాలనివానిని ఎడమకాలితోనే ఆడించు పోటీలను, బంతిని తనకడ నుంచుకొనక వెంటనే అందింపవలెనను నియమముగల పోటీలను హైదరాబాదులో నడపిన మేధావి. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసుజట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్సు కప్పును గెలిచెను. భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము పొందెను. 1956లో మెల్బోరను ఒలింపిక్సునందు నాలుగవ స్థానమున నిలిచెను.

1962లో జకార్తానగరమున ఆసియా క్రీడలు జరిగినవి. మొదటి ఆటలోనే దక్షిణకొరియా 2-0 గోళ్లతో మనవారి నోడించెను. థాయిలాండుతో జరిగిన రెండవ ఆట గెలిచిరి గాని, అందు వెనుకవరుసకు మూలస్తంభమైన జర్నైల్‌సింగునకు తలపై గాయమై కుట్లు పడినవి. మూడవ ఆటలో జపానును ఓడించిరి. ఇక సెమీఫైనలు. జర్నైలును ఆడించిన, ఎదుటివారి ఎత్తుబంతులను తలతో తిప్పికొట్టుటయే అతని పని. ఆ తలకే గాయము. ఆడింపకున్న, అంతటి ధైర్యశాలి మరియొకడు లేడు. మైదానముమీది విద్యార్థియు గుమాస్తాయు రాత్రియంతయు వాదించినను తేలని ప్రశ్న ఇది.

రహీము ఆ ప్రశ్ననే మార్చివైచెను. అతడు ఆడునా ఆడడా యని చూడలేదు. ఎక్కడ ఆడిన మేలో చూచెను. వెనుకనుండు జర్నైలును ముందువరుస నడుమకు తెచ్చి నిలిపెను. దక్షిణ వియత్నాముతో జరిగిన ఆ ఆటలో జర్నైలు ఒక గోలు చేసెను. మనవారు 3-2 గోళ్లతో గెలిచిరి. 

సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు. ఎదుట మరల దక్షిణకొరియాయే. ఆసియా క్రీడలకు ఇజ్రాయేలు, తైవాను దేశములను రానీయకపోవుటను ఒక భారతీయ క్రీడాధికారి విమర్శించినందున ప్రేక్షకులు మనజట్టుపై మండిపడుచుండిరి. అట్టిచోట రహీము ఇంకొక పేరు మార్చెను. జ్వరపడి లేచిన పీటర్ తంగరాజును గోలులో నిలిపి, సెమీఫైనలులో గోలు కాచిన ప్రద్యుత్ బర్మనును ప్రక్కన నుంచెను. బర్మను తప్పేమియు చేయలేదు. తంగరాజు పొడవరి, పైనుండి వచ్చు బంతులకు ఆ చేతులు అక్కరకు వచ్చును. అంతియే. గెలుపు దాపునకు జట్టును తెచ్చినవారిలో ఒకడైన బర్మను ఆ సాయంకాలము గట్టున కూర్చుండి చూచెను.

17వ నిమిషమున పి.కె. బెనర్జీ మొదటి గోలు చేసెను. 20వ నిమిషమున రెండవ గోలు చేసినవాడు తలకు కుట్లుగల జర్నైల్‌సింగే. కొరియావారు ఆట ముగియవచ్చినపుడు ఒకటి తిరిగి చేసిరి. భారతజట్టు 2-1 గోళ్లతో స్వర్ణపతకము గెలిచెను. ముందువరుసలో సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో పుట్టి, ఈస్టుబెంగాల్ అభిమానుల ముద్దుబిడ్డయైన తులసీదాస్ బలరాం ఉండెను. మోహన్‌బగాన్‌కు ప్రాణమువంటి చునీ గోస్వామి నాయకుడై యుండెను. మైదానములో ఒకరిపై ఒకరు కత్తులు నూరుకొను రెండు వర్గములవారికిని ఆనాటి పట్టికలో తమవాడు ఉండెను. రహీము అప్పటికే క్యాన్సరు రోగపీడితుడు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11వ తేదీన, మరణించెను.

ఆ యేటి వానలును వచ్చినవి, లీగును వచ్చినది. పెద్ద ఆటకు ముందునాడు వెలుపల గడ్డిమీద గుమాస్తాయు విద్యార్థియు మరల కూర్చుండిరనుటలో సందేహము లేదు. చీకటిపడువరకు వాదించి, "సరే, రేపు చూతము" అని లేతురు. మరునాడు మధ్యాహ్నమునకే గేటుకడ బారులు తీరును. లోపలినుండి పదునొకండు పేర్లు నోటినోట వెలుపలికి వచ్చును. ముసలి గుమాస్తా తన ఆటగాని పేరుకొరకు చెవియొగ్గి నిలుచును. పదునొకండు పేర్లును ముగిసినవి, ఆ పేరు రాలేదు. ప్రక్కవానిని భుజము తట్టి, మొదటినుండి మరియొకమారు చెప్పుమని యడుగును.