వేసవి ఏల్‌కి ఏ కిట్?

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. ఎండాకాలం తాగడానికి తేలికైన ఏల్ ఇంట్లోనే చేసుకోవాలని ఉంది. మొదటిసారి. ఏ కిట్ కొనమంటారు?

జవాబు: బ్లాండ్ ఏల్ గానీ క్రీమ్ ఏల్ గానీ కొనండి. ఆల్కహాల్ 4-5 శాతం, చేదు 20 ఐబీయూ చుట్టుపక్కల ఉంటే చాలు. చేదెక్కువుండే ఐపీఏ మోజు తర్వాత తీర్చుకోవచ్చు. మొదటిసారి కాబట్టి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కిట్టే నయం.

అసలు చిక్కంతా ఈస్ట్‌తోనే. లిక్విడ్ ఈస్ట్ ఎండలో పార్సిల్‌గా వచ్చేసరికి నీరసించిపోతుంది. పొడి ఈస్ట్ ఉన్న కిట్ చూసుకోండి. పైగా పులిసేటప్పుడు ద్రవం గది కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే వేడెక్కుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకండి, లేకపోతే ఘాటు వాసనలు తేలతాయి. పులియబెట్టే బకెట్‌ను నీళ్ల టబ్బులో నిలబెట్టి, పొద్దునా సాయంత్రం ఐసు సీసాలు మార్చండి. రెండు వారాల్లో పులియడం పూర్తిగా ఆగిందని హైడ్రోమీటర్‌తో చూశాకే సీసాలకెత్తండి. తొందరపడితే సీసాలు పేలతాయి.